థాంక్యూలో 'నేను' ఎక్కడికి పోయింది?

ఎడ్మంటన్ సిటీ బస్సుల్లో ఒక అలవాటు ఉంది. దిగబోయే మనిషి వెనక తలుపు దగ్గర నిలబడి, ముందున్న డ్రైవరుకి వినపడేలా "థాంక్యూ!" అని ఒక కేక వేసి మరీ దిగుతాడు. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీల కింద ఉన్నా సరే, మూతికి చుట్టుకున్న మఫ్లరు కిందికి లాగి, ఆ మాట అనేసి, మళ్ళీ పైకి లాక్కుని మంచులోకి అడుగు పెడతాడు. మన వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది వింతే. టిక్కెట్టు కొన్నాం, బస్సు నడపటం ఆయన ఉద్యోగం, మధ్యలో ఈ థాంకులెందుకు? మా రోజుల్లో ఆర్టీసీ బస్సు దిగుతూ డ్రైవరుకి థాంక్స్ చెప్పినవాణ్ణి నేను చూడలేదు. చెప్పి ఉంటే "ఏమయ్యా, వెటకారమా?" అని ఆయన స్టీరింగు వదిలేసి వెనక్కి తిరిగేవాడేమో.

ఇన్నేళ్ళుగా ఆ కేకలు వింటుంటే నాకు ఒక సంగతి పట్టుబడింది. బస్సులో "థాంక్యూ" అన్న మనిషే, కాఫీ అందించిన పిల్లతో "థాంక్స్" అంటాడు. ఆఫీసులో సాయం చేసిన వాడికి "అప్రిషియేట్ ఇట్" అని ఈమెయిలు కొడతాడు. మంచులో దిగబడిన కారుని నెట్టి పెడితే, ఏ ఊరి బయటి ముసలి రైతో అయితే, టోపీ అంచు తాకి "మచ్ ఆబ్లైజ్డ్" అంటాడు. ఆస్పత్రిలో నర్సు చెయ్యి పట్టుకుని "ఐ యామ్ సో గ్రేట్‌ఫుల్" అంటాడు. మనకి చదువుకునే రోజుల్లో ఇవన్నీ పర్యాయపదాలని చెప్పారు. పరీక్షలో ఏది రాసినా మార్కులు పడేవి. కాని ఇక్కడి వాళ్ళు ఒకదాని చోట ఇంకొకటి వెయ్యరు. కాఫీ పిల్లతో "ఐ యామ్ గ్రేట్‌ఫుల్ టు యూ" అని చూడండి, ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

ఎందుకిలా అని కాస్త తవ్వి చూస్తే, వ్యవహారమంతా ఆ మాటల్లో మనుషులు ఎంతమంది మిగిలారన్న దాని మీద నడుస్తోందని నాకు అనిపించింది. మొదట్లో ఇంగ్లీషువాడు "ఐ థాంక్ యూ" అనేవాడు. కర్త, క్రియ, కర్మ అన్నీ ఉన్న నిండు వాక్యం. నేనున్నాను, నువ్వున్నావు, మన మధ్య ఒక పని జరిగింది. వాడగా వాడగా ముందున్న 'నేను' రాలిపోయి "థాంక్ యూ" మిగిలింది. "థాంక్స్" దగ్గరికి వచ్చేసరికి 'నువ్వు' కూడా లేడు. క్రియ కూడా కాదది, బహువచనంలో ఉన్న నామవాచకం. సంచిలో వేసి ఇచ్చే వస్తువులాంటిది. మనుషులు తగ్గిన కొద్దీ మాట తేలికవుతుంది. తేలికైన కొద్దీ ఎక్కడపడితే అక్కడ వాడుకోవచ్చు. బరువు కావలసి వచ్చినప్పుడు ఇంగ్లీషువాడు కొత్త మాట వెతుక్కోనక్కర్లేదు, పారేసిన 'నేను'ని తెచ్చి మళ్ళీ ముందు పెడితే చాలు. సభలో పెద్దమనిషి లేచి "ఐ థాంక్ యూ" అంటే అందరూ నిటారుగా కూర్చునేది అందుకే.

ఇక ఆ 'థాంక్' అనే మాట పుట్టుక. పాత ఇంగ్లీషులో ఆ మాటకి మొదటి అర్థం తలపు. 'థింక్', 'థాంక్' అక్కచెల్లెళ్ళు. నీ మేలు నా తలపులో ఉంది అనడమే థాంక్. జర్మన్లో 'డెంకెన్', 'డాంకెన్' అని ఇప్పటికీ పక్కపక్కనే కనిపిస్తాయి. మా ఊళ్ళో దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. 1891 నుంచి ఆల్బర్టాకి వలస వచ్చిన ఉక్రేనియన్లు ఎడ్మంటన్‌కి తూర్పున అడవులు కొట్టి పొలాలు చేసుకున్నారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇక్కడ అడుగడుగునా ఉన్నారు. వాళ్ళు థాంక్స్‌కి 'ద్యాకుయు' అంటారు. వింటే ఇంగ్లీషుకీ దీనికీ ఏ సంబంధమూ లేనట్టు ఉంటుంది. కాని ఆ మాట జర్మన్ నుంచి బయల్దేరి, చెక్, పోలిష్ భాషల మీదుగా నడిచి ఉక్రెయిన్ చేరింది. అదే 'థాంక్'. ఇద్దరు దూరపు చుట్టాలు ఎడ్మంటన్ బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకళ్ళనొకళ్ళు పోల్చుకోకుండా దిగిపోతున్నారన్నమాట.

మిగిలిన మాటలది వేరే పుట్టుక, అవన్నీ లాటిన్ వైపు నుంచి వచ్చాయి. 'ఆబ్లైజ్డ్' అంటే కట్టుబడ్డవాడు, తాడుతో కట్టినట్టు. పోర్చుగీసువాడి 'ఒబ్రిగాదో' కూడా అదే. 'అప్రిషియేట్'లో ఉన్నది వెల. నువ్వు చేసిన పనికి విలువ కట్టాను అని. ఆఫీసులకి ఆ మాట అంత బాగా అతికిందంటే ఆశ్చర్యం లేదు. 'గ్రేట్‌ఫుల్'కి మూలమైన మాట మన సంస్కృతంలో స్తుతించడానికి వాడే ధాతువుకి చుట్టం. ఇక ఫ్రెంచి 'మెర్సీ' ఒకప్పుడు కూలి, ప్రతిఫలం. 1969లో ఫ్రెంచి కూడా ఇక్కడ అధికార భాషగా చట్టానికెక్కాక ఆ మాటకి కెనడా నిండా పెద్ద గౌరవం దక్కింది. రెస్టారెంటులో చెత్తబుట్ట మూత మీద కూడా 'థాంక్యూ', 'మెర్సీ' అని రెండూ రాసి ఉంటాయి. చెత్తబుట్ట చేత థాంక్స్ చెప్పించిన జాతి మరొకటి ఉందో లేదో నాకు తెలియదు.

అయితే ఈ నేల మీద వీటన్నిటి కన్నా పాత మాట ఒకటుంది. ఎడ్మంటన్ ఆరో నంబరు ఒప్పందం కింది భూమి. ఆ ఒప్పందం మీద 1876లో వేరే కోటల దగ్గర సంతకాలయ్యాయి, 1877లో ఎడ్మంటన్ కోట దగ్గర ఇక్కడి తెగల పెద్దలు అందులో చేరారు. ఇక్కడి క్రీ భాషలో ఈ మధ్య సభల్లో తరచుగా వినపడే చిన్న మాట 'హై హై'. పెద్ద మాట 'కినానాస్కొమితిన్'. నేను నీకు కృతజ్ఞుణ్ణి అని. ఇదంతా ఒకే పదం. అందులో మొదట ఉన్న 'కి' నువ్వు. చివర ఉన్న ముక్క, ఈ పని నా నుంచి నీకు నడుస్తోందని చెబుతుంది. ఇంగ్లీషులో లాగా ఇందులోంచి 'నేను'ని తీసి పారేద్దామంటే కుదరదు. తీస్తే పదమే విడిపోతుంది.

మరి మన సంగతి? "తెలుగులో థాంక్స్‌కి మాట లేదు" అని ఇక్కడి పిల్లలు అడిగినప్పుడల్లా పెద్దవాళ్ళు గతుక్కుమంటారు. మాట లేక కాదు. కృతజ్ఞుడు అంటే చేసిన మేలు ఎరిగినవాడు. వాల్మీకి ఉత్తమ పురుషుడెవరని నారదుణ్ణి అడుగుతూ లెక్కపెట్టిన గుణాల్లో ఇదీ ఒకటి. అంటే కృతజ్ఞత ఉండవలసిన గుణమే కాని, నోటితో అనవలసిన మాట కాదు. నోటితో అనవలసి వస్తే మనవాళ్ళు మాట మార్చి దీవిస్తారు. "చల్లగా ఉండు నాయనా", "నీ కడుపు చల్లగా", "పుణ్యం కట్టుకున్నావమ్మా" అంటారు. లేదా ఋణం ఎత్తుతారు: "ఏ జన్మలో ఋణమో", "నీ ఋణం తీర్చుకోలేను". క్రైస్తవుల తెలుగులో కూడా కృతజ్ఞతాస్తుతులు 'చెల్లిస్తారు', మొక్కు చెల్లించినట్టు. అందులోనూ బాకీ వాసన ఉంది. 'ధన్యవాదాలు' సభలవాళ్ళూ రేడియోవాళ్ళూ కలిసి మనకి అలవాటు చేశారని నా అనుమానం. పాత తెలుగు మాట 'నెనరు'కి 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు ప్రేమ, దయ అని అర్థం చెప్పింది. 2000 తర్వాత తెలుగు బ్లాగులు రాసేవాళ్ళు దాన్ని దులిపి 'నెనర్లు' అని థాంక్స్ చోట నిలబెట్టారు. ముచ్చటైన మాటే. కాని మా అత్తగారి ముందు అంటే ఆవిడ "ఏవిట్రా, జలుబా?" అంటుంది.

నిజానికి తెలుగువాళ్ళు ఈ చిక్కుని ఎప్పుడో విప్పేసుకున్నారు. "థాంక్సండీ" అంటాం. "థాంక్స్ రా" అంటాం. "థాంక్సమ్మా" అంటాం. ఇంగ్లీషువాడు ఆ మాటలోంచి పారేసిన 'నువ్వు'ని మనం 'అండీ' రూపంలో, 'రా' రూపంలో తెచ్చి తోకకి కట్టేశాం. వ్యాకరణం ఎవరూ చెప్పలేదు, కమిటీలు వెయ్యలేదు. ఎవరికి చెబుతున్నామో తేలకుండా ఊరికే "థాంక్స్" అని ఊరుకోవడం మన నోటికి రాలేదు, అంతే.

మాట్లాడేటప్పుడు ఇంత తెలివి చూపించిన మనం, కాగితం మీద కలం పెట్టేసరికి ఇంకోలా అయిపోతాం. "థాంకింగ్ యూ, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ". ఈ "థాంకింగ్ యూ" మన దేశపు ఉత్తరాలకి పుట్టుమచ్చ. ఎడ్మంటన్‌లో ఏ ఆఫీసుకైనా ఆ మాటతో ఉత్తరం పెడితే అది ఎక్కడి నుంచి వచ్చిన మనిషిదో సంతకం చూడకుండా చెప్పేస్తారు. ఇక్కడివాళ్ళకి అది తెగిపోయిన వాక్యంలా కనిపిస్తుంది. అది నిజంగా తెగిపోయిన వాక్యమే. పూర్వం దొరలకి అర్జీలు పెట్టే రోజుల్లో చివరి వాక్యం ఇంత పొడుగుండేది: తమకి ముందుగానే కృతజ్ఞతలు తెలుపుకుంటూ, అయ్యా, తమ విధేయుడైన సేవకుడిగా నేను ఉంటున్నాను అని. 'తెలుపుకుంటూ' అనేది అసమాపక క్రియ. 'నేను ఉంటున్నాను' అనేది దాన్ని ముగించే సమాపక క్రియ. బ్రిటిషువాళ్ళు ఆ మర్యాదల్ని వాళ్ళ దేశంలోనే క్రమంగా కత్తిరించుకున్నారు. మనమూ స్వాతంత్ర్యం వచ్చాక విధేయుణ్ణీ సేవకుణ్ణీ మెల్లగా తీసేశాం. తీసేటప్పుడు వాటితోపాటు 'నేను' పోయింది, క్రియ పోయింది. 'కుంటూ' మాత్రం గాలిలో వేలాడుతూ మిగిలింది.

అది మనకి ఎబ్బెట్టుగా ఎందుకు అనిపించలేదంటే, తెలుగు ఉత్తరం కూడా అలాగే ముగుస్తుంది కనక. "కృతజ్ఞతలు తెలుపుకుంటూ, ఇట్లు" అని రాసి సంతకం పెడతాం. ఇట్లు ఏమిటి? ఇట్లు రాసినవాడు అనో విన్నవించుకున్నవాడు అనో. ఆ తరవాతి మాట ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. అసమాపక క్రియ మీద ఆగి సంతకం పెట్టడం మనకి ముందే అలవాటు. కాబట్టి "థాంకింగ్ యూ"ని తప్పు ఇంగ్లీషని వెక్కిరించేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అది తెలుగు గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పిన ఇంగ్లీషు.

దొరల ప్రసక్తి వచ్చింది కనక, తెలుగువాడికి ఇంగ్లీషులో చెప్పిన కృతజ్ఞత ఒకటి చెప్పకుండా ఉండలేను. 1799లో శ్రీరంగపట్నం కోట పడిపోయాక బ్రిటిష్ పార్లమెంటు రెండు సభలూ ఆ యుద్ధం నడిపినవాళ్ళకి ఓటు వేసి మరీ థాంక్స్ చెప్పాయి. మన తెలుగు సంఘాల కార్యక్రమాల చివర ఇప్పటికీ "వోట్ ఆఫ్ థాంక్స్" అంటూ వందన సమర్పణ చేస్తామే, ఆ ఓటు ఇలాంటి సభల నుంచి వచ్చిందే. ఆ ముట్టడిలో ఇంజనీరుగా పని చేసిన కాలిన్ మెకంజీ తరవాత మైసూరు సర్వే చేశాడు, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఊరూరా శాసనాలూ కైఫీయతులూ పోగు చేయించిన మెకంజీ ఆయనే. ఆయనకి మన భాషలు రావు. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య ఆయనకి దారి చూపించాడు. ఆ కుర్రవాడు 1803లో, ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా చనిపోయాడు. 1817లో, అంటే పద్నాలుగేళ్ళ తరవాత, మెకంజీ సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కి తన జీవితం గురించి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. అందులో బొర్రయ్య గురించి చెబుతూ, ఈ దేశపు విద్యలోకి తనకి వాకిలి ఆ పరిచయంతోనే తెరుచుకుందనీ, తాను ఎంతో కాలంగా వెతుకుతున్నది దొరకడం ఆ ఒక్క మనిషి ప్రతిభకి తాను పడ్డ ఋణమనీ రాశాడు. అక్కడ ఆయన వాడిన క్రియ థాంక్ కాదు, 'ఓ'. బాకీ పడటం. కర్తగా 'ఐ' ఎదురుగా నిలబడి ఉంది. ఓటు వేసి పంచిన థాంక్స్‌లకీ దీనికీ ఎంత తేడా! వినవలసినవాడు మాత్రం లేడు.

మన వైపు నుంచి దొరకి చెల్లిన కృతజ్ఞత అడిగితే కాటన్ గుర్తుకొస్తాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహాలు లెక్కపెట్టడం కష్టం. అయినా నన్ను కదిలించేది విగ్రహాలు కాదు. పుష్కరాలకి వచ్చి, తమ తాత ముత్తాతలతో పాటు కాటన్ పేర కూడా పిండం పెట్టినవాళ్ళున్నారు. థాంక్స్ అన్న మాటే అక్కర్లేకుండా ఆయన్ని చుట్టాల జాబితాలో వేసేశారు.

ఇదంతా నాకు కాలక్షేపానికి పనికొచ్చే చరిత్రగానే ఉండేది. ఆ మధ్య మా ఊళ్ళోనే ఉన్న ఒక పెద్దాయన ఫోను చేసి, ఒక ఉత్తరం రాయడానికి సాయం రమ్మన్నారు. ఆయన ఆంధ్రాలో గవర్నమెంటు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు రాసి రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఇక్కడే మూత్రపిండం మార్పిడి జరిగింది. ఇచ్చిన మనిషి చనిపోయిన మనిషి. ఎవరో తెలియదు. ఆడో మగో తెలియదు. ఆ కుటుంబానికి ఉత్తరం రాయవచ్చు, ఆస్పత్రి వాళ్ళే చేరవేస్తారు. ఉత్తరంలో పేర్లు, ఊర్లు ఉండకూడదు. వాళ్ళు జవాబు రాయవచ్చు, రాయకపోవచ్చు.

ఆయన రాసిపెట్టుకున్న చిత్తు చూశాను. తమ దయార్ద్ర హృదయులైన తమకు నేను అత్యంత ఋణపడి ఉన్నాను అనే ధోరణిలో పూర్తి సెక్రటేరియట్ ఇంగ్లీషు. కొడుకు పక్కన నిలబడి "ఎందుకు నాన్నా ఇదంతా, థాంక్యూ సో మచ్ అని రాస్తే చాలు" అన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి, "అది బస్సు డ్రైవరుకి చెప్పేది కదరా" అన్నారు. కొడుకు మాట్లాడలేదు.

ముగ్గురం మధ్యాహ్నమంతా కూర్చున్నాం. 'అప్రిషియేట్' ఆయనే కొట్టేశారు, ఆఫీసు మెమోలా ఉందని. 'ఆబ్లైజ్డ్' ఆయనకి ఇష్టం, నేను వద్దన్నాను. 'ఇన్‌డెటెడ్' దగ్గర చాలాసేపు వాదించుకున్నాం. ఋణం అనేది మన భాషలో పెద్ద మాట, జన్మలు దాటే మాట. ఇంగ్లీషులో అదే మాట, మనిషిని పోగొట్టుకున్న ఇంటికి వెళితే, బిల్లు గుర్తు చేసినట్టు ఉంటుందని నా భయం. మెకంజీ రాసుకోగలిగాడంటే ఆయన రాసింది మూడో మనిషికి. 'గ్రేట్‌ఫుల్' దగ్గర రాజీ పడ్డాం. అయినా ఆయన ముఖంలో తృప్తి లేదు.

"అవన్నీ సరే. మీరు రోజూ ఏం చేస్తారో చెప్పండి" అన్నాను. మార్చిన అవయవాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఉండటానికి మందులు పన్నెండు గంటలకొకసారి తప్పకుండా వేసుకోవాలి. ఆయన పొద్దున్న ఎనిమిదింటికీ రాత్రి ఎనిమిదింటికీ వేసుకుంటారు. "వేసుకునేటప్పుడు ఒక్క క్షణం వాళ్ళని తలుచుకుంటాను. ఎవరో తెలియదు కదా, మొహం ఉండదు. ఊరికే, వాళ్ళని అనుకుంటాను" అన్నారు. కొడుకు అప్పటికప్పుడు దాన్ని ఇంగ్లీషులో పెట్టాడు. ఐ థింక్ ఆఫ్ యూ, రోజుకి రెండుసార్లు, పొద్దున్న ఎనిమిదింటికీ రాత్రి ఎనిమిదింటికీ. ఆయన దాన్ని రెండుసార్లు చదివించుకుని, తాను రాసిన మొదటి పేరా మొత్తం కొట్టేశారు. 'థింక్', 'థాంక్' ఒకప్పుడు ఒకటేనని నేను అప్పుడు చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు, నల్ల సిరా పెన్ను వెతుక్కుంటున్నారు.

సాఫు ప్రతి ఆయనే రాశారు, గుండ్రటి చేతిరాతతో, మార్జిను వదిలి. చివరికి వచ్చేసరికి "థాంకింగ్ యూ" అని పెట్టి, పక్కన కామా పెట్టారు. కొడుకు నా వైపు చూశాడు. నేను ఊరుకోమన్నట్టు తల ఊపాను. ఆయన అలవాటుగా సంతకం చెయ్యబోయి, పేరు ఉండకూడదన్న సంగతి గుర్తొచ్చి, పెన్ను ఎత్తేశారు. కామా కింద కాగితం ఖాళీగా ఉండిపోయింది. సిరా ఆరేదాకా ఆగి, మడిచి కవర్లో పెట్టారు.